బిల్ల గన్నేరు కషాయమూ కీమో మందూ ఒకటేనా? కణ విభజనను ఆపే రసాయనాల గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

గోదారి గట్టు
అందరికీ నమస్కారం. మా మేనత్తకి రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ అయ్యింది, ఇప్పుడు కీమో నడుస్తోంది. మొదట్లో ఎర్రగా ఉండే మందు ఎక్కించారు. ఇప్పుడు వారానికోసారి పాక్లిటాక్సెల్ ఇస్తున్నారు. జుట్టు మొత్తం రాలిపోయింది. అరికాళ్ళు మొద్దుబారాయి, కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియడం లేదంటోంది.

పక్కింటి పెద్దావిడ ఒక మాట అన్నారు. "ఆస్పత్రిలో ఎక్కించేది కూడా బిల్ల గన్నేరు నుంచి తీసిన మందే. ఆ ఆకులు ఇంట్లోనే కాచి తాగితే ఈ బాధలేవీ ఉండవు" అని. అత్తయ్య మనసు అటు లాగుతోంది. నెట్లో చూస్తే బిల్ల గన్నేరు నుంచి క్యాన్సర్ మందు తీస్తారన్నది నిజమేనని ఉంది. అలాంటప్పుడు తాగితే తప్పేంటి? ఇంకో అనుమానం కూడా ఉంది. కణాలు విభజన చెందకుండా ఈ మందులు ఆపుతాయంటారు కదా, క్యాన్సర్ కణం ఏదో, జుట్టు కణం ఏదో వాటికి ఎలా తెలుస్తుంది?

వార్డు సిస్టర్
తమ్ముడూ, ముందు ఒక్కటి. ఆ కషాయం తాగించొద్దు. ఇప్పటికే తాగి ఉంటే వచ్చే డోసుకి ముందే డాక్టరుగారికి చెప్పండి, దాచొద్దు. నేను కీమో వార్డులో పనిచేస్తాను. ఇలాంటివి తాగి ఆ మాట చెప్పకుండా వచ్చేవాళ్ళని చూస్తూనే ఉంటాం. తెల్లకణాలు ఎందుకంత పడిపోయాయో అర్థం కాక డాక్టర్లు తల పట్టుకుంటారు.

రెండోది అరికాళ్ళ మొద్దుబారడం. "కీమోకి ఇది మామూలే" అని ఇంట్లో సర్దుకోవద్దు. ఎంతవరకు వచ్చింది, చొక్కా గుండీ పెట్టుకోగలుగుతున్నారా, నడకలో తూలుతున్నారా, ఇవన్నీ వివరంగా చెప్పాలి. దాన్ని బట్టి డోసు తగ్గిస్తారు లేదా కొన్నాళ్ళు ఆపుతారు. చెప్పకపోతే ఆ మొద్దు శాశ్వతంగా మిగిలిపోవచ్చు.

మందు ఎలా పనిచేస్తుందో మాస్టారు చెబితే బాగుంటుంది.

బోటనీ మాస్టారు
సిస్టర్ గారు చెప్పాల్సిన ముఖ్యమైన మాట చెప్పేశారు. నేను మొక్క వైపు నుంచి వస్తాను.

ముందుగా ఆ పెద్దావిడ మాటలో సగమే నిజం. బిల్ల గన్నేరు నుంచి వచ్చేవి విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్. మీ అత్తయ్యగారికి ఇస్తున్న పాక్లిటాక్సెల్ దాని నుంచి రాదు. అది అమెరికా పసిఫిక్ తీరపు అడవుల్లో పెరిగే యూ అనే చెట్టు బెరడులో దొరికింది. నార్త్ కరోలినాలో మన్రో వాల్, మన మహారాష్ట్రలో పుట్టిన మన్సుఖ్ వాణి కలిసి దాన్ని వేరుచేసి, నిర్మాణాన్ని 1971లో ప్రచురించారు. అది ఎలా పనిచేస్తుందో న్యూయార్క్‌లో సూజన్ హార్విట్జ్ బృందం 1979లో తేల్చింది. రెండూ మొక్కల మందులే కానీ ఒకటి కావు. పనిచేసే తీరులో ఒకదానికొకటి నేరుగా వ్యతిరేకం కూడా. దాని సంగతి తర్వాత.

బిల్ల గన్నేరు కథ షుగర్ జబ్బుతోనే మొదలైంది. జమైకాలో ఈ ఆకు కషాయాన్ని షుగర్‌కి తాగేవారు. 1952లో ఆ ఆకులు కెనడాకి, అక్కడ రాబర్ట్ నోబుల్ అనే పరిశోధకుడి చేతికి చేరాయి. ఆయన ఎలుకలకి ఇచ్చి చూశారు. నోటి ద్వారా ఇస్తే రక్తంలో చక్కెర తగ్గలేదు. సూది ద్వారా ఎక్కించినప్పుడు మాత్రం ఎలుకలు ఇన్‌ఫెక్షన్లతో చనిపోయాయి. ఎందుకా అని చూస్తే తెల్లకణాలు దారుణంగా తగ్గిపోయాయి, ఎముక మజ్జ ఎండిపోయింది. చక్కెర కోసం వెతుకుతుంటే మజ్జలో కణ విభజనను ఆపే పదార్థం బయటపడిందన్నమాట. నోబుల్, చార్లెస్ బీర్ కలిసి దాన్ని శుద్ధి చేసి 1958లో ప్రకటించారు. అదే విన్‌బ్లాస్టిన్. అమెరికాలో ఎలీ లిల్లీ కంపెనీ శాస్త్రవేత్తలు కూడా విడిగా అదే దారిలో వచ్చి విన్‌క్రిస్టిన్‌ను పట్టుకున్నారు. 1963 నుంచి పిల్లల రక్త క్యాన్సర్‌లో దాన్ని వాడుతున్నారు. నేటికీ అది లేకుండా ఆ చికిత్స సాగదు.

ఇక కషాయం ఎందుకు కాదంటే, ఈ ఆకులో వందకు పైగా ఆల్కలాయిడ్లు, అంటే మొక్క తయారు చేసుకునే ఘాటైన రసాయనాలు ఉంటాయి. విన్‌క్రిస్టిన్ వాటిలో అతి సూక్ష్మభాగం. ఒక గ్రాము తీయడానికి వందల కిలోల ఎండుటాకు కావాలి. రోగికి ఇచ్చే డోసు మాత్రం ఒకటి రెండు మిల్లీగ్రాముల్లో ఉంటుంది, అదీ నేరుగా సిరలోకి. పొట్టలోకి వెళ్తే ఎంత ఒంటికి పడుతుందో ఎవరూ లెక్కగట్టలేరు. అంటే మీ గ్లాసులో మందు మందుగా పనిచేసేంత ఉండదు, మిగతా ఆల్కలాయిడ్లు మాత్రం కలగలిసి ఉంటాయి. మందు చేసే మేలు రాదు, విషం చేసే కీడు రావచ్చు.

పచ్చని పల్లె
మాస్టారూ, మా ఊళ్ళో షుగర్‌కి రోజూ పరగడుపున నాలుగు ఆకులు నమిలేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. మొక్కలంటే మనకి వేల ఏళ్ళ అనుభవం. కెమికల్ కంపెనీల మాట పట్టుకుని ఆకుని విషం అంటారా?

బోటనీ మాస్టారు
ఆకుని చులకన చేసే ఉద్దేశం నాకు లేదండీ, నా జీవితమంతా మొక్కల మధ్యే గడిచింది. కానీ మొక్కకి మనమీద ప్రేమా లేదు, పగా లేదు. తనని తినే పురుగుని, పశువుని ఆపడానికి అది రసాయనం తయారు చేసుకుంటుంది. పశువులు బిల్ల గన్నేరుని ఎందుకు ముట్టవో ఆలోచించండి.

అడవి నాభి చూశారా? అగ్నిశిఖ అని కూడా అంటారు, మంట రేగినట్టు ఎర్రగా పసుపుగా పూస్తుంది, కంచెల మీద పాకుతుంది. దాని దుంపలో కాల్చిసిన్ అనే విషం ఉంటుంది. ఎవరైనా పొరపాటున కందగడ్డ అనుకుని తింటే మొదటి రోజు వాంతులు, విరేచనాలు. కాస్త తేరుకున్నట్టు అనిపిస్తుంది. తర్వాతి రోజుల్లో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు కుప్పకూలతాయి. ప్రాణం దక్కితే రెండు మూడు వారాలకి జుట్టు ఊడిపోతుంది. ఆ వరస గమనించారా? పేగు పొర, మజ్జ, జుట్టు కుదురు. ఒంట్లో తీరిక లేకుండా విభజన చెందే కణాలు ఉండే చోట్లు ఇవే. గోదారి గట్టు గారి అత్తయ్యకి జుట్టు రాలడానికీ ఈ దుంప తిన్నవాళ్ళకి జుట్టు రాలడానికీ కారణం ఒకటే.

క్యాన్సర్ కణం ఏదో మందుకి ఎలా తెలుస్తుందని అడిగారు కదా. తెలియదండీ. ఈ పాత తరం మందులకి ఆ గుర్తింపు లేదు. విభజనలో ఉన్న కణం ఏది దొరికితే దాన్ని పట్టుకుంటాయి. మంచి కణాలు డోసుకీ డోసుకీ మధ్య తేరుకుంటాయి, క్యాన్సర్ కణాలు అంతగా తేరుకోలేవు. ఆ తేడాయే చికిత్స. అందుకే డోసు ఎంత, ఎన్ని రోజులకి ఒకసారి అన్నది మందంత ముఖ్యం. కషాయంలో ఈ రెండూ ఉండవు.

బీఎస్సీ ఫైనలియర్
సార్, ఉల్లి వేరు ప్రాక్టికల్‌లో మేమూ కాల్చిసిన్ గురించి చదివాం. "కండె పోగులు ఏర్పడకుండా చేస్తుంది" అని ఒక్క లైను రాసి వదిలేస్తాం. అసలు లోపల ఏం జరుగుతుంది? పాక్లిటాక్సెల్ దానికి వ్యతిరేకం అన్నారు, మరి రెండూ విభజననే ఎలా ఆపుతాయి?

బోటనీ మాస్టారు
మంచి ప్రశ్న. కాస్త ఓపిగ్గా చదవండి.

కణంలో ట్యుబ్యులిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. ఆల్ఫా, బీటా అని రెండు ముక్కలు జతగా ఉంటాయి. ఈ జతలు ఒకదాని మీద ఒకటి చేరితే సన్నని గొట్టాల్లాంటి సూక్ష్మనాళికలు తయారవుతాయి. ఇవి నిలకడగా ఉండవు. ఒక చివర పెరుగుతూ, ఉన్నట్టుండి కరిగిపోతూ, మళ్ళీ పెరుగుతూ ఉంటాయి. కణం రెండుగా చీలే సమవిభజన మొదలయ్యాక కణం రెండు చివర్ల నుంచి, అంటే ధ్రువాల నుంచి ఇవి బయల్దేరి క్రోమోజోముల కోసం వెతుకుతాయి. మీరు రాసే కండె పోగులు ఇవే. పెరగడం, కరగడం రెండూ ఉంటేనే ఆ వెతుకులాట సాగుతుంది.

కాల్చిసిన్ ట్యుబ్యులిన్ జతకి అంటుకుంటుంది, ఆ జత ఇక గొట్టంలో సరిగా ఇమడదు. విన్‌క్రిస్టిన్ వేరే చోట అంటుకుంటుంది కానీ ఫలితం దాదాపు అదే, నాళికలు కట్టుకోవు. పాక్లిటాక్సెల్ అయితే కట్టుకున్న నాళికకి లోపలి వైపున అంటుకుని దాన్ని కరగనివ్వదు. నాళికలు బిగుసుకుపోతాయి. ఒకటి కట్టనివ్వదు, రెండోది విప్పనివ్వదు. క్రోమోజోములు మాత్రం రెండు సందర్భాల్లోనూ ధ్రువాలకి సరిగా తగులుకోవు.

ఇక్కడే నియంత్రణ వస్తుంది. క్రోమోజోములు మధ్యలో వరసకట్టే మధ్యస్థ దశ నుంచి, అవి రెండు వైపులకీ విడిపోయే చలన దశకి వెళ్ళే ముందు కణంలో ఒక తనిఖీ ఉంది. రైలు దాటేవరకు గేటు ఎత్తనట్టు, ప్రతి క్రోమోజోమూ రెండు వైపుల పోగులకీ తగులుకునేవరకు విభజన ముందుకి కదలదు. ఒక్క క్రోమోజోము తగులుకోకపోయినా "ఆగు" అనే సంకేతం పోతూనే ఉంటుంది. మందు వేసిన కణం ఆ గేటు దగ్గర గంటల తరబడి నిలబడిపోతుంది. చివరికి చనిపోతుంది, లేదా విభజన పూర్తి కాకుండానే రెట్టింపు క్రోమోజోములతో బయటికి జారుకుంటుంది. చనిపోతే క్యాన్సర్ చికిత్స. మొక్కల్లో జారుకుంటే కొత్త రకం పంట. ఒకే గేటు, రెండు ప్రయోజనాలు.

ఇంకొక్క మాట చెప్పాలి. మనిషికి 46 క్రోమోజోములని 1956 దాకా ప్రపంచం ఒప్పుకోలేదు, 48 అనుకునేవారు. స్వీడన్‌లోని లుండ్‌లో జో హిన్ ట్జియో, ఆల్బర్ట్ లెవాన్ కణాలకి కాల్చిసిన్ పెట్టి, గేటు దగ్గర ఆగిపోయిన కణాల్ని ఉప్పు పలచన చేసిన ద్రవంలో ఉబ్బించి, క్రోమోజోములు విడివిడిగా పరుచుకునేలా చేసి లెక్కపెట్టారు. ఇప్పటికీ క్రోమోజోముల్ని లెక్కపెట్టి చూసే క్యారియోటైప్ పరీక్ష చేసే ల్యాబుల్లో కాల్సెమిడ్ అని దీని చుట్టాన్నే వాడతారు.

పుచ్చతోట
మాస్టారూ నమస్తే. మాది అనంతపురం వైపు. గింజల్లేని పుచ్చ వేద్దామని చూస్తున్నా. విత్తనం ధర చూస్తే గుండె ఆగినంత పనైంది. దానికి ఈ కాల్చిసినే వాడతారని ఒక డీలర్ చెప్పాడు. మరి ఆ మందు కాయలోకి వస్తుందా? పిల్లలు తింటారు కదా, టెన్షన్‌గా ఉంది.

బోటనీ మాస్టారు
రాదండీ, నిశ్చింతగా ఉండండి. మామూలు పుచ్చలో 22 క్రోమోజోములు. లేత మొలక మొగ్గ మీద కాల్చిసిన్ చుక్క వేస్తే కొన్ని కణాలు విభజన పూర్తి చేయలేక 44తో మిగులుతాయి. ఆ మొక్క నుంచి 44 ఉన్న వరసని నిలబెడతారు. దాన్ని ఆడమొక్కగా పెట్టి 22 ఉన్న మామూలు పుచ్చ పుప్పొడితో సంకరం చేస్తే 33 ఉన్న విత్తనం వస్తుంది. మీరు కొనేది ఆ విత్తనం. 33ని రెండు సమాన భాగాలుగా పంచడం, పుప్పొడి, అండం తయారయ్యే క్షయకరణ విభజనలో కుదరదు, అందుకే గింజ కట్టదు. కాల్చిసిన్ తగిలింది ఎన్నో తరాల వెనకటి ఒక మొలకకి మాత్రమే. ఈ పద్ధతి జపాన్‌లో హితోషి కిహారా పని నుంచి వచ్చింది. దానికి ముందు 1937లో అమెరికాలో ఆల్బర్ట్ బ్లేక్స్‌లీ కాల్చిసిన్‌తో ఉమ్మెత్త వంటి మొక్కల్లో క్రోమోజోములు రెట్టింపు చేసి చూపించారు.

విత్తనం ఖరీదు ఎందుకంటే 44 వరసలో గింజలు తక్కువ పడతాయి, 33 విత్తనం మొలకశాతమూ తక్కువ. ఒక జాగ్రత్త: తోటంతా గింజల్లేనిదే వేస్తే కాయ నిలవదు. దాని పుప్పొడికి సత్తా ఉండదు. మధ్యమధ్య మామూలు పుచ్చ సాళ్ళు వేయాలి, తేనెటీగలు తిరగాలి. పూత సమయంలో పురుగుమందు కొట్టకండి.

పుచ్చతోట
చాలా థ్యాంక్స్ మాస్టారూ. బావిస్టిన్ లాంటి తెగులు మందులు కూడా కణ విభజన మీదే పనిచేస్తాయని ఎక్కడో విన్నా, నిజమేనా?

ఫార్మసీ కౌంటర్
దీనికి నేను చెబుతాను, నా సబ్జెక్టులోకి వచ్చింది. నిజమే. బావిస్టిన్‌లో ఉండేది కార్బెండజిమ్. అది శిలీంధ్రం బీటా ట్యుబ్యులిన్‌కి అంటుకుని దాని విభజనని ఆపుతుంది. స్కూల్లో పిల్లలకి నులిపురుగుల దినం నాడు వేసే ఆల్బెండజోల్ మాత్ర కూడా అదే కుటుంబం, పురుగు ట్యుబ్యులిన్‌ని పడుతుంది. మనిషి ట్యుబ్యులిన్ కొద్దిగా వేరు కాబట్టి ఆ మోతాదులో మనకి పెద్దగా తగలదు. కీమో మందుకి లేని గుర్తింపు వీటికి కొంత ఉందన్నమాట.

కొంత అనే అంటున్నాను, గమనించండి. ఎక్కువ మోతాదులో కార్బెండజిమ్ జంతువుల వృషణాల్లో విభజన చెందే కణాల్ని దెబ్బతీసినట్టు ప్రయోగాల్లో తేలింది. కాబట్టి విత్తనశుద్ధి ఉత్త చేతులతో కలపకండి. గ్లోవ్స్ వేసుకోండి, ఆ చేత్తో బీడీ ముట్టించకండి. ఇంకొకటి, ఏటా అదే మందు కొడితే పని చేయకుండా పోతుంది. శిలీంధ్రం ట్యుబ్యులిన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, మందుకి అంటుకునే చోటు పోతుంది. "ఈ ఏడు మందు కల్తీది వచ్చింది" అని రైతులు అనేవాటిలో కొన్ని ఇవే.

కాల్చిసిన్ గురించి కూడా ఒక మాట. కీళ్ళు ఉన్నట్టుండి వాచి నొప్పి పెట్టే గౌట్ జబ్బుకి అది మాత్రల రూపంలో మా దగ్గర అమ్ముతాం, తక్కువ మోతాదులో మంచి మందు. తెల్లకణాలు కీలులోకి ఎగబడి వాపు తేవడానికి కూడా సూక్ష్మనాళికలు కావాలి, అక్కడ పనిచేస్తుంది. కానీ కాల్చిసిన్ వేసుకుంటున్న మనిషి గొంతునొప్పికి సొంతంగా క్లారిత్రోమైసిన్ కొని వేసుకుంటే ప్రాణం మీదకి వస్తుంది. ఒంట్లోంచి కాల్చిసిన్ బయటికి పోయే దారిని ఆ యాంటీబయాటిక్ మూసేస్తుంది. విన్‌క్రిస్టిన్‌తో ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు పడినా ఇలాంటి ప్రమాదమే. అందుకే ఏ కౌంటర్‌లో ఏం కొన్నా, ఇప్పటికే వాడుతున్న మందుల చీటీ చూపించండి.

గోదారి గట్టు
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. ఒకటి అర్థం కాలేదు. నరాల కణాలు విభజన చెందవని చిన్నప్పుడు చదువుకున్నాం. విభజన చెందే కణాల్నే ఈ మందు పడితే అరికాళ్ళు ఎందుకు మొద్దుబారాయి?

బీఎస్సీ ఫైనలియర్
నాకు వచ్చిన అనుమానం కూడా ఇదే!

బోటనీ మాస్టారు
ఈ ప్రశ్న అడిగినందుకు మీ ఇద్దరికీ నా అభినందనలు. మందు పట్టుకునేది విభజనని కాదు, ట్యుబ్యులిన్‌ని. విభజనలో కండె పోగులు ట్యుబ్యులిన్‌తో అవుతాయి కాబట్టి విభజన ఆగుతోంది. నరాల కణం విభజన చెందకపోయినా దాని పొడవాటి తంతువు నిండా సూక్ష్మనాళికలే. కణదేహంలో తయారైన సరుకు వాటి మీదుగానే చివరిదాకా వెళ్తుంది. పాక్లిటాక్సెల్, విన్‌క్రిస్టిన్ ఆ రవాణాని చెడగొడతాయి. వెన్ను దగ్గర నుంచి కాలి వేళ్ళ దాకా దాదాపు మీటరు పొడవుండే నరాలు ముందు దెబ్బతింటాయి, అందుకే మొద్దు పాదాల్లో మొదలై తర్వాత చేతివేళ్ళకి వస్తుంది.

విన్‌క్రిస్టిన్‌ని పొరపాటున వెన్నుపూసలోని ద్రవంలోకి ఎక్కిస్తే దాదాపు ఎప్పుడూ ప్రాణాంతకమే. పిల్లల రక్త క్యాన్సర్‌లో మెథోట్రెక్సేట్ అనే మరో కీమో మందుని వెన్నులోకి, విన్‌క్రిస్టిన్‌ని సిరలోకి ఇవ్వాలి. ఆ రెండూ తారుమారైన ఘోరాలు చాలా దేశాల్లో జరిగాయి.

వార్డు సిస్టర్
అందుకే విన్‌క్రిస్టిన్‌ని సిరంజీలో కాకుండా చిన్న సెలైన్ సంచిలో కలిపి ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. సంచిని ఎవరూ వెన్నులోకి ఎక్కించలేరు. పిల్లలకి కీమో ఇప్పిస్తున్న తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ వార్డులో ఎలా ఇస్తున్నారో అడగండి. అడగడం మీ హక్కు, మేం ఏమీ అనుకోం.

గోదారి గట్టు తమ్ముడూ, జ్వరం సంగతి కూడా రాసుకోండి. డోసు పడ్డాక తెల్లకణాలు తగ్గే రోజులుంటాయి, మూడు వారాలకోసారి ఇచ్చే చాలా మందులకి అది 7 నుంచి 14 రోజుల మధ్య. వారం వారం ఇచ్చేదానికి ఎప్పుడైనా తగ్గొచ్చు. జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రయినా సరే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. డోలో వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు.

ఫార్మసీ కౌంటర్
మెథోట్రెక్సేట్ పేరు వచ్చింది కాబట్టి మన భీమవరం వాడి గురించి చెప్పకుండా ఉండలేను. ఇక్కడ దాకా వచ్చిన మందులన్నీ విభజన చివరి ఘట్టంలో, పోగుల దగ్గర పనిచేసేవి. యల్లాప్రగడ సుబ్బారావు గారి మందు అంతకంటే ముందు, డీఎన్ఏ రెట్టింపయ్యే ఎస్ దశలో పనిచేస్తుంది.

డీఎన్ఏ కట్టడానికి థైమిన్ కావాలి, దాన్ని తయారు చేసుకోవడానికి ఫోలిక్ ఆసిడ్ కావాలి. సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ లేబొరేటరీస్ అనే మందుల కంపెనీలో ఉండగా ఆయన బృందం 1940ల మధ్యలో ఫోలిక్ ఆసిడ్‌ని కృత్రిమంగా తయారు చేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకి ఫోలిక్ ఆసిడ్‌కి సంబంధించిన పదార్థాలు ఇచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా ఉరకలేసినట్టు కనిపించింది. ఆయన అక్కడ ఆగిపోలేదు. ఫోలిక్ ఆసిడ్ జబ్బుని పెంచితే, ఫోలిక్ ఆసిడ్‌లా కనిపించి దాని చోటుని ఆక్రమించే నకిలీ పదార్థం జబ్బుని ఆపాలి కదా అని ఆలోచించారు. ఆ నకిలీని సుబ్బారావు గారి బృందమే చేసిచ్చింది, పేరు అమినోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రచురించారు. 16 మంది పిల్లల్లో 10 మందికి కొన్నాళ్ళపాటు జబ్బు వెనక్కి తగ్గింది. రక్త క్యాన్సర్ ఒక రసాయనానికి లొంగడం ప్రపంచం అప్పుడు చూసింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు, 53 ఏళ్ళకే. అమినోప్టెరిన్ స్థానంలో వచ్చిన దాని తమ్ముడే మెథోట్రెక్సేట్.

ఇప్పుడు కౌంటర్ మాట. కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకునే మాత్ర. రోజూ వేసుకునేది కాదు. "రోజూ" అని పొరబడి వేసుకున్నవాళ్ళకి నోరంతా పుండ్లు పడి, మజ్జ ఆగిపోయి ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. ఇంట్లో అమ్మమ్మకో నాన్నకో ఈ మాత్ర ఉంటే, వారంలో ఏ రోజు వేసుకోవాలో డబ్బా మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి పెట్టండి.

పచ్చని పల్లె
సుబ్బారావు గారి పేరు విన్నా కానీ ఇంత దూరం తెలియదు. మాస్టారు చెప్పింది ఆలోచించాల్సిన విషయమే. అయితే ఒక ప్రశ్న. విభజనని ఆపే రసాయనాల గురించే చెప్తున్నారు. క్యాన్సర్ తెచ్చేవీ రసాయనాలే కదా, వాటి సంగతి?

ఉత్తరాంధ్ర
దీనికి మా ప్రాంతమే పెద్ద ఉదాహరణ. శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఆడవాళ్ళు చుట్టని నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు, అడ్డపొగ అంటారు. మా నాయనమ్మ తరంలో ఇంటింటా ఉండేది. అందుకే మామూలుగా అరుదైన అంగిలి క్యాన్సర్ మా దగ్గర ఎక్కువని 1960ల నుంచి డాక్టర్లు రాస్తూనే ఉన్నారు. నిప్పు వేడి, పొగ రెండూ నేరుగా అంగిలికి తగులుతాయి.

బోటనీ మాస్టారు
సరైన ఉదాహరణ ఇచ్చారు. పొగాకు పొగలో బెంజోపైరీన్ ఉంటుంది. ఒంట్లో అది మారి డీఎన్ఏకి అంటుకుంటుంది. అది అంటుకునే చోట్లలో పీ53 అనే జన్యువు ఒకటి. డీఎన్ఏ దెబ్బతిన్నదని తెలిస్తే విభజనని ఆపి, బాగుచేయలేకపోతే కణాన్ని చంపించే ప్రోటీన్ దాని నుంచే తయారవుతుంది. మనిషి క్యాన్సర్లలో దాదాపు సగంలో ఈ జన్యువు చెడి ఉంటుంది. అంటే ఈ రసాయనం విభజనని నేరుగా తోయదు, ఆపేవాడిని తొలగిస్తుంది. పెట్రోల్‌లో, పాత రకం జిగురుల్లో ఉండే బెంజీన్ మజ్జలో చెడు చేసి రక్త క్యాన్సర్ తెస్తుంది.

నేరుగా తోసేవీ ఉన్నాయి. మన ఒంట్లోని ఈస్ట్రోజెన్ హార్మోనే రొమ్ము కణాల్ని విభజన చెందమంటుంది. దానివల్ల పెరిగే క్యాన్సర్ అయితే ఆ హార్మోను కూర్చునే చోటుని టామాక్సిఫెన్‌తో కప్పేస్తారు.

విభజన గడియారం ఎలా తిరుగుతుందో తేల్చిన కథ కూడా చెప్పాలి. అమెరికాలో లీలాండ్ హార్ట్‌వెల్ ఈస్ట్ మీద, బ్రిటన్‌లో పాల్ నర్స్ మరో రకం ఈస్ట్ మీద పనిచేశారు. టిమ్ హంట్ 1982లో సముద్రపు అర్చిన్ అనే ముళ్ళ జీవి గుడ్లలో ఒక ప్రోటీన్ మెల్లగా పెరిగి, ప్రతి విభజన అప్పుడూ ఉన్నట్టుండి మాయమవడం చూశారు. దానికి సైక్లిన్ అని పేరు పెట్టారు. అది సీడీకే అనే ఎంజైమ్‌తో జతకడితేనే కణం ఒక దశ నుంచి మరో దశకి వెళ్తుంది. ముగ్గురికీ 2001లో నోబెల్ వచ్చింది. ఈస్ట్‌లో, అర్చిన్ గుడ్లలో, మనలో అదే యంత్రాంగం! నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఫార్మసీ కౌంటర్
ఆ పని నుంచే పాల్బోసిక్లిబ్ మాత్ర వచ్చింది, అమెరికాలో 2015లో అనుమతి దొరికింది. సీడీకే 4, 6లని ఆపి కణాన్ని డీఎన్ఏ రెట్టింపు చేసుకునే ముందే నిలబెడుతుంది. ఈస్ట్రోజెన్ రకం రొమ్ము క్యాన్సర్ ఇతర చోట్లకి పాకినప్పుడు వాడతారు. దీంతో కూడా తెల్లకణాలు తగ్గుతాయి కానీ మజ్జ కణాలు చావవు, ఆగుతాయి. అందుకే 21 రోజులు వేసి 7 రోజులు ఆపితే లేచి వస్తాయి. మన దేశంలో 2023 జనవరిలో పేటెంట్ ముగిశాక జనరిక్‌లు వచ్చి ధర బాగా దిగింది. ఒకప్పుడు కొనలేక ఆపేసినవాళ్ళు డాక్టర్ని మళ్ళీ అడగండి.

ఆదిలాబాద్ టీచర్
మా ఆశ్రమ పాఠశాలలో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) ఉన్న పిల్లలు హైడ్రాక్సీయూరియా వేసుకుంటారు. అది కూడా క్యాన్సర్ మందేనని విని ఒక తండ్రి ఆపేశాడు. ఏం చెప్పాలి?

వార్డు సిస్టర్
అది డీఎన్ఏకి కావాల్సిన ముక్కల తయారీని తగ్గించే మందే, నిజం. కానీ సికిల్ సెల్‌కి తక్కువ మోతాదులో ఇస్తే బిడ్డ కడుపులో ఉన్నప్పటి రకం హిమోగ్లోబిన్ పెరుగుతుంది. దాంతో కణాలు కొడవలిలా వంగడం తగ్గుతుంది, నొప్పులు తగ్గుతాయి. ఆ తండ్రికి చెప్పండి, క్యాన్సర్ ఉందని కాదు ఇస్తున్నది. రక్తపరీక్ష మాత్రం చెప్పిన తేదీకి తప్పకుండా చేయించాలి. ఆపేసి ఎన్నాళ్ళయ్యిందో డాక్టరుకి చెప్పి మళ్ళీ మొదలుపెట్టించండి, సొంతంగా వద్దు.

గోదారి గట్టు
ఈ చర్చ మొత్తం అత్తయ్యకి చదివి వినిపించాను. అడవి నాభి దుంప సంగతి దగ్గర ఆపి మళ్ళీ చదవమంది. కషాయం మాట వదిలేసింది. మొద్దుబారడం గురించి డాక్టరుగారికి చెప్పాం. ఈ వారం డోసు ఆపి, వచ్చేవారం తగ్గించి ఇస్తామన్నారు. డోసు తగ్గితే మందు పని తగ్గుతుందేమోనని ఆవిడకి ఇప్పుడు కొత్త బెంగ.

వార్డు సిస్టర్
ఆ బెంగ అందరికీ ఉంటుంది, డాక్టరుగారినే నేరుగా అడగమనండి. నరాలు దెబ్బతినకుండా డోసు సర్దడం కూడా చికిత్సలో భాగమే, ముందే రాసిపెట్టుకున్న పద్ధతి ప్రకారం చేస్తారు. ఈలోగా ఇంట్లో ఉత్త కాళ్ళతో నడవనివ్వకండి. వేడినీళ్ళు కాళ్ళ మీద పోసుకునే ముందు ఎవరో ఒకరు చేత్తో చూడండి, ఆవిడ కాలికి వేడి తెలియదు. పడుకునే ముందు అరికాళ్ళు లైటు కింద పెట్టి గాయాలున్నాయేమో చూడండి.

గోదారి గట్టు
సరే అక్కా. ఈ రాత్రి నుంచే చూస్తాం.